డెబ్బై గేట్ల మీద 454 కోట్ల ఏళ్లు

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. భూమి చరిత్రలో యుగాల పేర్లు రాత్రి బట్టీ పట్టడం, పొద్దున్నకి మర్చిపోవడం, టెన్షన్ పడటం. సంక్రాంతికి బెజవాడ వెళ్లినప్పుడు "రేపు తెల్లారగట్ట లేరా నాన్నా, నడుచుకుంటూ నేర్చుకుందాం" అన్నాను.

ఆరింటికల్లా దుర్గ గుడి కింద ఆటో దిగాం. ముందు కొండనే చూపించాను. రోడ్డు కోసం తొలిచిన చోట రాయి తుప్పు రంగులో ఉంది. మొహం దగ్గరగా పెట్టి చూస్తే ఆవగింజంత ఎర్ర చుక్కలు, వేలికి గరుగ్గా తగులుతాయి. అవి గార్నెట్లు అనే ఖనిజం. రాయి పేరు ఖోండలైట్, ఖోండు గిరిజనుల పేరు మీదుగా వచ్చింది. ఒకప్పటి బంకమన్నే భూమి లోతుల్లో ఉడికి, సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట ఇలా అయింది. వాడు చెయ్యి తియ్యలేదు.

అక్కణ్నుంచి ప్రకాశం బ్యారేజీ ఎక్కాం. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీకి 70 గేట్లు. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. మొదటి గేటు దగ్గర భూమి పుట్టిందని, చివరి గేటు దాటితే ఈ రోజని అనుకుంటే, గేటుకి దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్లు! ఈ లెక్క తట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పదహారు గేట్లు దాటాక గానీ పశ్చిమ ఆస్ట్రేలియా రాళ్లలో కనిపించే తొలి జీవుల ఆనవాళ్లు రావు. 33వ గేటు దగ్గర ఆగాం. 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైంది ఇక్కడే. ఆ పని చేసింది కంటికి కనపడని సయనోబ్యాక్టీరియా, ఎండతో ఆహారం చేసుకుని ఆక్సిజన్ వదిలే సూక్ష్మజీవులు. పుస్తకాలు వీటికి రెండు లైన్లిచ్చి డైనోసార్లకు రెండు పేజీలిస్తాయి. నాకది అన్యాయమనిపిస్తుంది.

ఇందాక ముట్టుకున్న రాయి 46వ గేటు. తర్వాత గబగబా నడిచాం. 62లో కేంబ్రియన్ అనే యుగం మొదలు, సముద్రాల నిండా రకరకాల జంతువులు. 67లో మహా వినాశనం, సముద్ర జాతుల్లో అత్యధిక భాగం పోయాయి. తొలి డైనోసార్లు ఆ గేటులోనే వచ్చాయి, 69 చివర్లో పోయాయి. పక్షులు మాత్రం మిగిలాయి. నలభై అడుగుల చివరి గేటులో మనిషి జాతి వాటా రెండంగుళాల పైచిలుకు.

సీతానగరం వైపు టీ తాగి వెనక్కి తిరిగాం. వాడు మళ్లీ లెక్కపెట్టుకుంటూ వచ్చి, 33వ గేటు దగ్గర తనంతట తానే ఆగాడు. రెయిలింగ్ పట్టుకుని కిందికి వంగి చూశాడు. నీళ్లు తగిలే చోట స్తంభానికి పచ్చగా పాచి పట్టి ఉంది.

"పిన్నీ, ఇందులో ఉంటాయా అవి?"

"వాటి సంతతి ఇలాంటి పాచిలోనే ఉంటుంది. ఆకుల్లో పచ్చదనం కూడా వాటి చలవే."

నా ఫోన్ తీసుకుని ఆ పాచికి నాలుగు ఫొటోలు తీశాడు.