పేజ్‌మేకర్ కోసం కొత్త కంప్యూటర్ కొన్నాను

తెనాలిలో నాది చిన్న డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) సెంటర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఏడాదికి నాలుగైదు పుస్తకాలు. పనంతా 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లోనే. వేళ్లకు అదే అలవాటు.

పోయినేడు పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. ఎలాగూ కొనాలి కదా అని ఎనిమిది కోర్ల (అంటే లెక్కలు చేసే ఎనిమిది భాగాల) ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నది తెచ్చాను. స్విచ్ వేసీ వేయగానే విండోస్ వచ్చేసింది. మురిసిపోయాను. ఆ మురిపెం 320 పేజీల పుస్తకం తెరిచేదాకే. ఫొటోలున్న పేజీకి వెళ్తే బొమ్మ చారలు చారలుగా దిగుతోంది. ప్రింట్ ఇచ్చి, బయటికెళ్లి టీ తాగి రావచ్చు.

షాపువాడితో గొడవపడదామని బయల్దేరబోయి, ముందు టాస్క్ మేనేజర్ చూశాను. సీపీయూ 13 శాతం దగ్గర నిలబడింది, కదలదు. నూటిని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. అంటే ఒక కోరు చాకిరీ చేస్తుంటే ఏడు అరుగు మీద కూర్చుని చూస్తున్నాయి! పేజ్‌మేకర్ తయారైన రోజుల్లో మన కంప్యూటర్లకు ఉండేది ఒకటే కోరు, పని పంచడం దానికి తెలియదు. ర్యామ్ సంగతీ అంతే. 32 బిట్ ప్రోగ్రామ్‌కు విండోస్ మామూలుగా ఇచ్చేది 2 జీబీ. షాపువాడి తప్పేం లేదు.

సంక్రాంతికి వచ్చిన మా తమ్ముడి కూతురు తన మ్యాక్‌లో చూద్దామంది. కాసేపటికి తనే నవ్వింది: "పెదనాన్నా, మ్యాక్‌లో ఇది ఓఎస్ 9 కాలంతోనే ఆగిపోయింది. పాతవాటిని నడిపే క్లాసిక్‌ను 2007లోనే తీసేశారు." లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ వేసి చూసింది. పేజ్‌మేకర్ తెరుచుకుంది గానీ తెలుగు కీబోర్డు డ్రైవర్ పలకలేదు. తెలుగు పడని పేజ్‌మేకర్‌తో నాకేం పని?

చివరికి కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను సృష్టించే వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ వేసుకున్నాను, ర్యామ్ 1 జీబీ. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు లేవు కాబట్టి దానికి నెట్ తీసేశాను. వేగంలో తేడా పెద్దగా లేదు. ఎలాగూ వాడేది ఒక్క కోరేగా.

కొత్త పుస్తకాలు యూనికోడ్‌లో (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉన్న పద్ధతి), పేజ్‌మేకర్ తర్వాతి తరం సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో మొదలుపెట్టాను. మొదటి రోజే వత్తులన్నీ విడివిడిగా పక్కకు పడ్డాయి. రెండు రోజులు ఫాంట్‌ను తిట్టుకున్నాక తెలిసింది, పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో తెలుగు లాంటి లిపులను సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవాలట.

అసలు టెన్షన్ పాత ఫైళ్లతో. మా పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నవి. ఫాంట్ తీసేస్తే మిగిలేది గజిబిజి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే నూటికి తొంభై మాటలు బాగానే వస్తాయి, మిగతా పదీ ప్రాణం తీస్తాయి. ఇప్పుడు ఒక శతకం రీప్రింట్ మీద ఉన్నాను. మొదటి ఫారం పదహారు పేజీల ప్రూఫ్‌కే మూడు రోజులు పట్టింది.