రెస్క్యూ మడత కత్తి: మొన తీశాను, పళ్ళు పెట్టాను, ఇక పిడి మిగిలింది

పాత లాక్‌బ్యాక్ (తెరిచిన బ్లేడును పిడి వీపున ఉన్న లాకు పట్టి ఉంచే రకం) మడత కత్తిని రెస్క్యూ కత్తిగా, అంటే ప్రమాదంలో చిక్కిన మనిషిని బయటికి తీయడానికి వాడే కత్తిగా, మార్చే పని సగం దాటింది. స్టెయిన్‌లెస్ బ్లేడు, నైలాన్ పిడి, మొన ఎప్పుడో విరిగిపోయింది. ఈ పనికి అంతకంటే తగిన కత్తి దొరకదు, ఎందుకంటే నేను మొట్టమొదట తీసేయాలనుకున్నది మొననే.

కారు పల్టీ కొట్టి ఆగిందనుకోండి. లోపల మనిషి బెల్టుకు వేలాడుతుంటాడు. బెల్టుకూ ఒంటికీ మధ్య వేలు కూడా దూరదు. ఆ సందులోకి సూదిమొన కత్తి పెడితే ముందు తెగేది మనిషి పొట్టే. అందుకే మంచి రెస్క్యూ కత్తుల్లో బ్లేడు వీపు చివరికొచ్చేసరికి వంగి దిగుతుంది, అంచు మాత్రం తిన్నగా ఉంటుంది. ఊగే ఓడ మీద తాళ్ళు కోసుకునే నావికుల కత్తులది కూడా ఇదే ఆకారం. రెస్క్యూ అని పేరు పెట్టి బల్లెంలాంటి మొనతో అమ్మే కత్తులు బజార్లో చాలా ఉన్నాయి. నా దృష్టిలో అవి రెస్క్యూ కత్తులు కావు.

మొన పని: గట్టిపరిచిన బ్లేడు మీద మామూలు ఆకురాయి పట్టదు, జారిపోతుంది. బెంచ్ గ్రైండర్ వాడాను. చేతికి తొడుగు వేసుకోకూడదు. చక్రం లాగేస్తుందన్నది ఒక కారణమైతే, వేలికి వేడి తెలియాలన్నది రెండోది. వెచ్చగా తగలగానే పక్కనున్న నీళ్ళ బక్కెట్లో ముంచాలి. అంచు నీలం తిరిగిందంటే టెంపర్ (ఉక్కుకు ఇచ్చిన గట్టిదనం) పోయినట్టే, ఆ చోట పదును నిలవదు. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఆకారం వచ్చాక చివరను నీళ్ళ కాగితంతో రుద్ది, అరచేతి మీద ఒత్తినా గీత పడనంత నునుపు చేశాను.

పళ్ళ పని: డైమండ్ పూత ఉన్న సన్నటి గుండ్రటి ఆకురాయితో, పిడి వైపు సగం అంచుకు పళ్ళు పెట్టాను. ఒక పక్క నుంచే రాయాలి. రెండో పక్క బల్లపరుపుగానే ఉంచి, లేచిన బుర్రును (అంచున మిగిలే సన్నటి గరుకు లోహాన్ని) సానరాయి మీద పడుకోబెట్టి తీసేయాలి. రెండు పక్కలా రాస్తే పళ్ళు పలచబడి విరుగుతాయి. చాలా ఓపిక కావాలి, కానీ ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

ఇక పరీక్ష. విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు విప్పే షాపు నుంచి సీటు బెల్టులు తెచ్చుకున్నాను. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొసకు 20 లీటర్ల నీళ్ళ క్యాను వేలాడదీసి, కింద పాత పరుపు వేశాను. బిగువుగా ఉన్న బెల్టును ఏటవాలుగా లాగితే సాదా అంచు కూడా సులువుగానే కోసింది. తేడా తెలిసింది క్యాను తీసేశాకే. వదులు బెల్టు సాదా అంచు ముందు ముడతలు పడి తప్పించుకుంటుంది. పళ్ళు మాత్రం పాలిస్టర్ నేతను పట్టుకుని వదలవు. పైగా ఇసుక, దుమ్ము పట్టిన బెల్టులు కోసీ కోసీ అంచు మొద్దుబారినా పళ్ళ భాగం పని చేస్తూనే ఉంది. ఏడాదికోసారి కూడా నూరని వాళ్ళకు పళ్ళ అంచే మేలు.

కొక్కెంలా వంగిన బెల్టు కట్టర్‌తో కూడా అదే వరసలో పోల్చాను. పదును లోపల దాగి ఉంటుంది కాబట్టి చెయ్యి వణికినా భయం లేదు, బెల్టు ఒక్క లాగుకు తెగుతుంది. కానీ మందపాటి జీన్స్ కుట్టు దగ్గర ఇరుక్కుపోతుంది. రెండూ ఉండాలి, రెండూ వేర్వేరుగా తెరుచుకోవాలి. బెంచ్‌మేడ్ కంపెనీ ట్రయేజ్ కత్తిలో ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం: మొండి మొన బ్లేడు ఒక వైపు, మడిచే కొక్కెం ఇంకో వైపు, పిడి అడుగున అద్దం పగలగొట్టడానికి కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) మొన. దాని యాక్సిస్ లాక్ (పిడి పక్కనున్న అడ్డకడ్డీని వెనక్కి లాగి విడిపించేది) మూసేటప్పుడు వేళ్ళు బ్లేడు దారిలోకి రావు. లైనర్ లాక్‌లో (పిడి లోపలి రేకు బ్లేడును ఆపే రకం) బొటనవేలు ఆ దారిలోనే పెట్టాలి. తడి చేత్తో, చీకట్లో, కత్తి మూసి రెండో మనిషి దగ్గరికి పరుగెత్తాల్సినప్పుడు అది నాకు నచ్చని సంగతి.

ఒంటి చేత్తో తెరవడానికి స్పైడెర్కో కత్తుల కంపెనీ వాళ్ళ బ్లేడులోని గుండ్రటి రంధ్రాన్ని మించింది నేను చూడలేదు. 1981లో వర్కర్ మోడల్‌తో వచ్చింది. మందపాటి తొడుగు వేసుకున్నా బొటనవేలికి దొరుకుతుంది, ఎడమ చేతివాటం వాళ్ళకూ అంతే. వాళ్ళదే అసిస్ట్ మోడల్‌లో పిడిలోనే ఈల ఉంటుంది. మూసిన కత్తిని ఇంకాస్త నొక్కితే అడుగు నుంచి కార్బైడ్ మొన బయటికొస్తుంది, లేదంటే లోపలే ఉంటుంది. జేబు చిరగదు, పొరపాటున ఎవరికీ గుచ్చుకోదు. చాలా ఆలోచించి చేసిన పని అది.

అద్దాల సంగతి వేరే చెప్పాలి. కార్బైడ్ మొన టెంపర్డ్ (వేడితో గట్టిపరిచిన, పగిలితే చిన్న ముక్కలుగా రాలే) అద్దాన్నే పగలగొడుతుంది. నడుమ కాకుండా మూల దగ్గర కొట్టాలి. ముందు అద్దం లామినేటెడ్. రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి బీటలిస్తుందే గానీ రాలదు. ఇప్పుడు పక్క అద్దాలు కూడా అలాగే వస్తున్నాయి. అమెరికాలో వాహనదారుల సంస్థ ఏఏఏ 2019లో అద్దం పగలగొట్టే ఆరు పనిముట్లను పరీక్షిస్తే, నాలుగు టెంపర్డ్ అద్దాన్ని పగలగొట్టాయి, లామినేటెడ్ అద్దాన్ని ఒక్కటీ పగలగొట్టలేకపోయింది. అక్కడి 2018 మోడళ్ళలో దాదాపు మూడింట ఒక వంతుకు పక్కన లామినేటెడ్ అద్దాలున్నాయని కూడా చెప్పారు. మీ కారు పక్క అద్దం మూలన చిన్న అచ్చు ఉంటుంది, అందులో ఏ రకమో చూడండి. ఏ అద్దం పగులుతుందో నీళ్ళలో పడ్డాక వెతుక్కునే వీలుండదు. కాలవగట్ల మీద రోజూ కారు నడిపే మన కోస్తా జిల్లాల వాళ్ళకు ఇది మరీ అవసరం.

లామినేటెడ్‌కు రంపం కావాలి. మడత పనిముట్లలో విక్టోరినాక్స్ రెస్క్యూ టూల్‌కు అది ఉంది. మొనతో ముందు కన్నం చేసి, అక్కడి నుంచి కోసుకుంటూ పోవాలి. గాజుపొడి లేస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. రంపం, మొన అరిగితే కొత్తవి వేసుకోవచ్చు. పసుపు పిడి చీకట్లో వెలుగుతుంది. కాకపోతే 111 మి.మీ. పిడిలో అన్ని పనిముట్లు చేరేసరికి జేబులో బరువుగా ఉంటుంది. కారులో పెట్టుకోవడానికైతే నా మొదటి ఓటు దానికే.

నా కత్తికి మిగిలిన పని: నల్లటి పిడికి నారింజ రంగు తాడు చుట్టి, సబ్బు నీళ్ళ చేత్తో పట్టు చూడాలి. లాక్‌బ్యాక్ కాబట్టి మూయడానికి రెండు చేతులూ కావాలి, దాన్ని మార్చలేను. తెరవడానికి మాత్రం బ్లేడు వీపుకు మరతో బిగించే బొటనవేలి మేకు తెప్పించాను. అది సరిగా కూర్చుంటే కత్తిని డ్రైవర్ సీటు పక్కనే, బెల్టు బిగుసుకున్నా చెయ్యి అందే చోట, వెల్క్రోతో కట్టేస్తాను. డిక్కీలోనో డాష్‌బోర్డు అరలోనో పెట్టను. అర మూత నొక్కుకుపోతే తెరుచుకోదు.