లగూన్ నీహారిక: హార్స్‌లీ కొండపై ఈ చైత్రం పురోగతి

ధనూ రాశిలోని వాయు, ధూళి మేఘమైన లగూన్ నీహారిక, మెస్సియర్ అనే ఖగోళ వస్తువుల జాబితాలో 8వ అంశం, జూన్ నెలాఖరులో అర్ధరాత్రి వేళకు ఆకాశంలో తన గరిష్ఠ ఎత్తుకు చేరుతుంది. అయితే అప్పటికి మనకు నైరుతి రుతుపవనాలు ప్రవేశించి ఉంటాయి కనుక, పుస్తకాలు సూచించే ఆ కాలం తెలుగునాట ఫొటోలకు పనికిరాదు. దీనిని మనం ఫాల్గుణ, చైత్ర, వైశాఖ మాసాల్లో తెల్లవారుజామున పట్టుకోవలసిందే.

తెల్లవారుజాము అనగానే తిథి లెక్క మారుతుంది. అమావాస్యకు ముందున్న బహుళ పక్షపు రాత్రులలో సన్నని నెలవంక సరిగ్గా మనకు కావలసిన వేళకే తూర్పున పైకి వస్తుంది. శుద్ధ పక్షంలో అష్టమి దాకా చంద్రుడు అర్ధరాత్రికి అటూ ఇటుగా అస్తమిస్తాడు కాబట్టి, ఉగాది నుంచి శ్రీరామనవమి వరకు గల రాత్రులే ఈ నీహారికకు అనువైనవని నా నిర్ధారణ. ఏప్రిల్ మధ్యలో అది రాత్రి 11 గంటల ప్రాంతంలో ఉదయించి, ఒంటిగంట దాటాక 30 డిగ్రీల ఎత్తుకు చేరి, వేకువ వెలుగు మొదలయ్యే 4.45కు మధ్యాహ్న రేఖను, అంటే తన గరిష్ఠ ఎత్తును తాకుతుంది. అంటే రాత్రికి మూడు గంటలకు పైగా మంచి సమయం దొరుకుతుంది.

ఈసారి చిత్రీకరణను కర్నూలు శివార్ల నుంచి మదనపల్లె సమీపంలోని హార్స్‌లీ కొండకు మార్చాను. స్థానికులు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచే ఈ చోటు సముద్ర మట్టానికి సుమారు 1,260 మీటర్ల ఎత్తున ఉంది. చీకటి ఒక కారణమైతే, అంతకన్నా ముఖ్యమైనది చల్లదనం. నా కెమెరాకు శీతలీకరణ లేదు. సెన్సార్ ఉష్ణోగ్రత దాదాపు 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ డార్క్ కరెంట్ (వెలుతురు లేకున్నా వేడి వల్ల సెన్సార్‌లో పుట్టే సంకేతం) ఇంచుమించు రెట్టింపవుతుంది కనుక, ఎండాకాలపు మైదాన ప్రాంతంలో తీసిన ఫ్రేములు ఎర్రని చుక్కలతో నిండిపోతాయి. ఈ చుక్కలను కొంత తొలగించే డార్క్ ఫ్రేములను (మూత పెట్టి తీసేవి) కూడా అదే రాత్రి, అదే ఉష్ణోగ్రతలో తీయాలి. మరునాడు ఇంట్లో తీసినవి సరిపోలవు.

కొండకు ఒక లోపమూ ఉంది. మదనపల్లె దానికి ఆగ్నేయంగా ఉండటం వల్ల, నీహారిక పైకి వచ్చే తొలి గంటల్లో పట్టణపు తెల్లని ఎల్‌ఈడీ కాంతి దాదాపు అదే దిక్కున వ్యాపిస్తుంది. అందుచేత తొలి గంట హైడ్రోజన్ ఆల్ఫా, ఆక్సిజన్ కాంతులను మాత్రమే పంపే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్‌తో తీసి, ఆ తర్వాత దానిని తొలగించాను. రాత్రంతా ఫిల్టర్ ఉంచకపోవడానికి కారణం పక్కనే ఉన్న ట్రిఫిడ్ నీహారిక. దాని ఉత్తర భాగంలోని నీలి రంగు ధూళిపై ప్రతిఫలించిన నక్షత్రకాంతి కావడంతో, ఆ ఫిల్టర్ దానిని చాలావరకు ఆపేస్తుంది. ఫిల్టర్ మార్చిన వెంటనే బాఖ్తినోవ్ మాస్క్‌తో (ఫోకస్ సరిచూసే చీలికల మూతతో) మళ్ళీ ఫోకస్ చేయాలి, అంచుల మసకను, దుమ్ము మచ్చలను సరిదిద్దే ఫ్లాట్ ఫ్రేములూ ఫిల్టర్‌తో, లేకుండా రెండు జతలు తీయాలి.

టెలిస్కోప్ 70 మిల్లీమీటర్ల వక్రీభవన రకం, నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 350 మిల్లీమీటర్లు. నా కెమెరాలోని ఏపీఎస్-సీ పరిమాణపు సెన్సార్‌పై ఇది సుమారు మూడున్నర డిగ్రీల వెడల్పు చూపుతుంది కనుక, ఒకటిన్నర డిగ్రీల లోపు దూరంలో ఉన్న రెండు నీహారికలూ ఒకే చట్రంలో ఇముడుతాయి. కెమెరా సెన్సార్ ముందుండే అసలు ఫిల్టర్‌ను నిరుడే తీయించాను. నీహారిక ఎర్రదనమంతా 656.3 నానోమీటర్ల హైడ్రోజన్ కాంతి. మామూలు కెమెరాలు అందులో అధిక భాగాన్ని సెన్సార్ దాకా రానివ్వవు.

పోలార్ అలైన్‌మెంట్ (టెలిస్కోప్‌ను మోసి తిప్పే మౌంట్ అక్షాన్ని ఆకాశ ధ్రువానికి గురిపెట్టడం) విషయంలో మన అక్షాంశాలు కొంత ఇబ్బందికరమైనవి. ఇక్కడ ధ్రువ నక్షత్రం దిగంతానికి సుమారు 14 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. ఉత్తరాన ఒక్క చెట్టు అడ్డున్నా పని ఆగిపోతుంది. కొన్ని మౌంట్లు అంత కిందికి వంగవు, వంగినా ప్రతిభారపు కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కొత్తగా కొనేవారు దుకాణంలోనే దీనిని పరీక్షించుకోవడం మంచిది.

గైడింగ్‌ను, అంటే తారను అనుసరిస్తూ మౌంట్ కదలికను సరిదిద్దే పనిని, పీహెచ్‌డీ2 సాఫ్ట్‌వేర్ చూసుకోగా, ఐఎస్ఓ 800 వద్ద 180 సెకన్ల చొప్పున ఫ్రేములు తీశాను. హెర్షెల్ 36 అనే తారకు ఆనుకొని ఉన్న ‘ఇసుక గడియారం’ భాగం అంత సేపట్లో తెల్లబారిపోతుంది కాబట్టి, దానికోసం 20 సెకన్ల ఫ్రేములు విడిగా తీసి తర్వాత కలిపాను. ప్రతి కొన్ని ఫ్రేములకూ చట్రాన్ని స్వల్పంగా జరిపే డితరింగ్, ఎర్రని చుక్కలుగా కనిపించే వేడి పిక్సెళ్ళను స్టాకింగ్‌లో (ఫ్రేములన్నిటినీ ఒకటిగా కలపడంలో) చెరిపివేయడానికి ఎంతో తోడ్పడింది. నా అనుభవంలో డార్క్ ఫ్రేముల కంటే దీని ప్రయోజనమే ఎక్కువ.

సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ చేసి, నక్షత్రాల వాస్తవ వర్ణాల ఆధారంగా రంగును సరిదిద్దాక, నిరుటి చిత్రంలో మసకగా కలిసిపోయిన నల్లని ధూళి చార ఇప్పుడు అంచులతో సహా విడిగా కనిపిస్తోంది, దాని తూర్పున ఎన్‌జీసీ 6530 అనే నక్షత్ర గుంపులోని లేత తారలు ఒక్కొక్కటిగా విడివడ్డాయి. సుమారు 4,000 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ పసి నక్షత్రాల చుట్టూ ఎరుపును కావాలని తగ్గించే ఉంచాను. అతిగా పెంచితే గులాబీ ఛాయలన్నీ ఒకే ముద్దగా మారుతున్నాయి.

బయటి పలుచని వాయువు ఇంకా గరుకుగానే ఉంది. ఆ గరుకు సగం కావాలంటే ఎక్స్‌పోజర్ నాలుగింతలు కావాలి కనుక, మబ్బులు అనుమతిస్తే వైశాఖ శుద్ధంలో ఫిల్టర్ లేని ఫ్రేములనే మరికొన్ని చేర్చాలని నిర్ణయించుకున్నాను.