జనం తక్కువున్న చోటు వెతుక్కుంటూ పెన్నా వెంబడి పోయొచ్చాం

ఈసారి ట్రిప్‌కి ఎక్కడికి పోవాలో తేల్చుకోడానికి వీడియోలు చూడటం మానేసి 2011 జనాభా లెక్కలు ముందేసుకుని కూర్చున్నా. దేశం మొత్తం సగటు తీస్తే చదరపు కిలోమీటరుకి 382 మంది, కేరళలో 860, అదే కడప జిల్లాలో 188, అనంతపురంలో 213. లెక్కలు పాతవే, జిల్లాలు కూడా ఆ తర్వాత విడిపోయాయి, అయినా ఎక్కడ జనం పల్చగా ఉన్నారో తెలుసుకోడానికి ఇవి చాలు అనిపించింది. ఎందుకంటే మనందరం ప్రశాంతత కోసం ఒకే నాలుగైదు హిల్ స్టేషన్లకి ఒకే లాంగ్ వీకెండ్‌లో బయల్దేరతాం, ఊటీ కొడైకెనాల్ పోవాలంటే 2024 మే నుంచి బండికి ఈ-పాస్ తీసుకోవాల్సిన పరిస్థితి వచ్చిందంటే ఇంక అక్కడ ప్రశాంతత ఏం మిగులుంటుంది చెప్పండి. అందుకే నేనూ మా తమ్ముడూ ఘాట్ రోడ్లు వదిలేసి రాయలసీమ వైపు తిరిగాం, అదీ మంగళవారం చూసుకుని.

మొదట గండికోట. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో, బస్సులు తక్కువ, మేం ఆటో మాట్లాడుకున్నాం. కోట పెద్ద దర్వాజా దాటి లోపలికి వెళ్తే ముందు ఊరు వస్తుంది, కోటలోనే ఇళ్ళు, బడి, గేదెలు, అన్నీ. ఆ ఇళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ పోతే పావురాల గోపురం, జైలు, కాస్త ముందుకి పోతే మాధవరాయ స్వామి గుడి గోపురం, అటు పక్క జామా మసీదు, దాన్ని ఆనుకుని ధాన్యాగారం. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది, తర్వాత గోల్కొండ సుల్తాన్ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయింది, 1652లో ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆయన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. ఇప్పుడు ఆ ధాన్యాగారం లోపల నిలబడి చూస్తే పైన కప్పులో గూళ్ళు కట్టుకున్న పావురాలు తప్ప ఇంకేం లేవు, మనం కొంచెం గట్టిగా మాట్లాడినా గోడలన్నీ తిరిగి మాట్లాడతాయి.

లోయ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మంగళవారం అయినా ఒక ఇరవై ముప్ఫై మంది ఉన్నారు. అందరూ ఆ ఫేమస్ ఫోటో వచ్చే బండ మీదే, ఒకళ్ళు దిగితే ఇంకొకళ్ళు ఎక్కుతున్నారు, ఒక గుంపు బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని ఉంది. నాకు నిజంగా బాధేసింది, అంత పెద్ద లోయ ముందర కూర్చుని పాటలెందుకు అసలు. మేం వెనక్కి తిరుగుదామా అనుకుంటుంటే మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి "యా ఊరు నాయనా మీది" అని పలకరించాడు. చెప్పాం. "ఈడ ఏముంది, ఆదివారం అయితే నిలబడేకి చోటుండదు, ఇంగ రోంత ముందరికి పోండి, ఆడికి ఎవురూ రారు" అని చేత్తో చూపించి మేకల వెనకాల వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పిన వైపు అంచు వెంబడే ఒక పావుగంట నడిచాం. నిజంగా అంతే, పావుగంట. ఒక్క మనిషి లేడు. కింద పెన్నా, ఆకుపచ్చగా, కదులుతోందో లేదో తెలీనంత నిమ్మళంగా ఉంది, రెండు పక్కలా ఎర్రటి రాళ్ళు ఎవరో పలకలు కొలిచి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నదిదాకా దిగిపోయున్నాయి. ఆ పలకల సందుల్లో చిన్న చిన్న చెట్లు మొలిచున్నాయి, మట్టి ఎక్కడుందో వాటికి. ఎండ వాలేకొద్దీ ఎదురుగా ఉన్న రాయి రంగు మారుతూ వచ్చింది, ముందు ఇటుక రంగు, తర్వాత ఇంకా ముదురు, చివరికి ఊదా. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టిన నది ఇది, ఎర్రమల కొండల్ని ఇక్కడ ఇలా కోసుకుని పోయి నెల్లూరు దాటాక సముద్రంలో కలుస్తుంది. మేం గంటకి పైగా మాట్లాడకుండా కూర్చున్నాం, మా తమ్ముడు ఫోన్ తీయకుండా గంట ఉండటం నేను చూడలేదు ఇంతకుముందు.

నాకు అక్కడే ఒకటి బాగా అర్థమైంది, మన దేశంలో జనం ఊరంతా పరుచుకుని ఉండరు, బండి ఆగే చోటు చుట్టూ ఉంటారు. పార్కింగ్ నుంచి వ్యూ పాయింట్ దాకా ఒక గీత గీసినట్టు ఆ దారిలోనే అందరూ. ఆ గీత దాటి పది పదిహేను నిమిషాలు నడిచే ఓపిక ఉంటే చాలు, ఎక్కడో హిమాలయాల దాకా పోనక్కర్లేదు. కాకపోతే గండికోటలో అంచు వెంబడి రెయిలింగ్ లాంటిదేం లేదు, చీకటి పడకముందే వెనక్కి వచ్చేయాలి, వాన పడి రాయి తడిగా ఉంటే అటు పోనే వద్దు.

మర్నాడు బెలుం గుహలు. దారి పొడవునా నాపరాళ్ళ గనులు, చేలకి కంచెలు కూడా నిలబెట్టిన బండలే, కొలిమిగుండ్ల వైపు వెళ్ళేకొద్దీ ఆకాశం పెద్దదైపోతుంది. గుహలు 3,229 మీటర్లు పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా చూడనిస్తారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశాడు, 1980ల మొదట్లో జర్మన్ల టీమ్ వచ్చి సర్వే చేసింది, జనానికి తెరిచింది మాత్రం 2002లో. లోపల చల్లగా ఉంటుందనుకుంటారు చాలామంది, ఉండదు, ఉక్క, చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. మేం గేటు తెరిచే టైమ్‌కే వెళ్ళాం కాబట్టి పాతాళగంగ దాకా మా వెనక ఎవరూ లేరు. అది అన్నిటికన్నా లోతు, 46 మీటర్లు, అక్కడ సన్నటి నీటి పాయ నేల మీంచి వచ్చి మళ్ళీ నేలలోకే పోతుంది, ఎటు పోతోందో కనపడదు. తిరిగి పైకొచ్చేసరికి రెండు స్కూల్ బస్సులు దిగుతున్నాయి. పిల్లలు అరుచుకుంటూ దిగడం కూడా చూడ్డానికి బాగానే ఉంది, కానీ నిశ్శబ్దం కావాలంటే ఆ మొదటి గంటే.

తాడిపత్రిలో ఆగడం ప్లాన్‌లో లేదు, ఉగ్గాని బజ్జీ తిందామని దిగాం, పక్కన కూర్చున్నాయన బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి చూడకుండా పోతారా అన్నాడు. మళ్ళీ పెన్నా ఒడ్డే. పూర్తికాని గోపురాలు రెండున్నాయి అక్కడ, పైన అంతస్తులు లేవు గానీ ఉన్నంత మేరకి వేలెడు రాయి కూడా ఖాళీగా వదల్లేదు, చెక్కుతూనే పోయారు. మధ్యాహ్నం పూట పూజారి గారు, మేమిద్దరం, అంతే. ఇలాంటి గుడి ఇంకో దేశంలో ఉంటే టికెట్ లైను కిలోమీటరు ఉండేది.

ఆఖరికి కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను. దాదాపు ఐదెకరాలు, ఒక్కటే చెట్టు, 1989లో గిన్నిస్ బుక్‌కి ఎక్కింది. దూరం నుంచి చూస్తే తోపు అనుకుంటాం, లోపలికెళ్ళాక ఊడ ఏదో మాను ఏదో తేల్చుకోలేం, కొన్ని ఊడలు ఇప్పుడిప్పుడే నేలని తాకుతుంటే వాటికి ఆసరాగా గొట్టాలు పెట్టి పెంచుతున్నారు. సన్నగా పురికొసలా వేలాడే దాన్నీ, రెండు చేతులు చాపినా అందని దాన్నీ పక్కపక్కనే పట్టుకుని చూశా. పిల్లలు కావాలనుకునే దంపతులు మొక్కుకోడానికి వస్తారు చెట్టు కిందున్న తిమ్మమ్మ గుడికి, చెట్టుకి ఆ పేరు ఆవిడదే, మేమున్నప్పుడు ఒక జంట వచ్చి ప్రదక్షిణ చేసి కొబ్బరికాయ కొట్టి వెళ్ళిపోయారు, తర్వాత మళ్ళీ పక్షులే.

పోవాలనుకునేవాళ్ళకి, మర్రిమాను దగ్గర శివరాత్రికి జాతర అవుతుంది, ప్రశాంతత కోసమైతే ఆ రోజులు వద్దు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి లోపు వారం మధ్యలో పెట్టుకోండి, సీమ ఎండలు మార్చి నుంచే మొదలైపోతాయి. గండికోటలో రాత్రి ఉండాలంటే టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది, ముందే బుక్ చేసుకోవాలి. నీళ్ళు మీరే మోసుకుపోండి, ఖాళీ సీసాలు కూడా మీరే వెనక్కి తెచ్చుకోండి, స్పీకర్ మాత్రం దయచేసి ఇంట్లో పెట్టి రండి. కదిరిలో దిగగానే తిరుగు బస్సు ఎన్నింటికో కనుక్కుని మరీ చెట్టు దగ్గరికి బయల్దేరండి, ఎందుకంటే అక్కడ కూర్చున్నాక టైమ్ తెలీదు.