ముక్కు దొరకని వేలు

"మీ ముక్కు ముట్టుకుని, తర్వాత నా వేలు ముట్టుకోండి" అన్నారు డాక్టరుగారు. నాన్న కుడిచెయ్యి వణుక్కుంటూ వెళ్లి చెంపకి తగిలింది.

ఒళ్లు తూలకుండా నిలబెట్టే చిన్నమెదడులో, కుడివైపు, రెండు చిన్న స్ట్రోకులట. మొదట తీసిన సీటీ స్కానులో ఏమీ కనబడలేదు. ఇవాళ బరంపురంలో ఎమ్మారై తీస్తే తేలింది.

పర్లాకిమిడిలో నాలుగు రోజులుగా కళ్లు తిరుగుతున్నాయంటే పైత్యం అనుకుని నిమ్మరసం ఇచ్చాను. మూతి వంకరపోలేదు, చెయ్యి పడిపోలేదు, మాట తడబడలేదు. పక్షవాతమంటే నాకు తెలిసినవి అవే.

కానీ గుమ్మం దాటిన ప్రతిసారీ కుడివైపుకే ఒరిగిపోయేవారు. చూశాను. చూసి కూడా "గోడ పట్టుకో నాన్నా" అన్నాను. ఆ మాటే ఇప్పుడు గొంతులో అడ్డంపడుతోంది.

మీ ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా అలా ఒరిగితే ఆ పూటే తీసుకెళ్లండి, దయచేసి.

ఇప్పుడే నిద్రపట్టింది ఆయనకి. నిద్రలోనూ మంచం కమ్మీ వదల్లేదు.