మావయ్యగారికి రీలు

మేపుల్ గ్రోవ్, మినెసోటా. జూన్, శనివారం.

పొద్దున్నే అత్తయ్యగారు పక్కింటావిడతో గుడికి వెళ్లారు. మా ఆయన పిల్లని ఈత క్లాసుకి తీసుకెళ్లాడు. ఇంట్లో మిగిలింది నేనూ మావయ్యగారూ. ఊరి నుంచి వచ్చి నెల తిరక్కుండానే ఆయనకి టీవీ మొహం మొత్తింది. రోజూ ఇంటి వెనక చెరువు చుట్టూ నడిచొస్తారు. గట్టు మీద గాలాలేసుకు కూర్చున్నవాళ్లని చూసి చూసి, నిన్న రాత్రి భోజనాల దగ్గర మెల్లిగా బయటపెట్టారు: "అమ్మాయ్, ఆ చక్రం ఉన్న గాలం నాకూ ఒకటి కొనిపెట్టకూడదూ?" మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఈ ఇంట్లో చేపలు పట్టేదాన్ని నేనే మరి.

ఆఫీసులో పక్క సీటావిడకి ఇక్కడి పెద్ద సరస్సు మిల్ లాక్స్‌లో పడవ ఉంది. ఆవిడ పుణ్యమా అని నాకీ పిచ్చి అంటుకుంది. మినెసోటాలో ఎవరితో చేపల మాట ఎత్తినా రెండో నిమిషంలో వాలై దగ్గరికే వస్తారు. 1965 నుంచి ఇది ఈ రాష్ట్రపు చేప, తెలంగాణకి కొర్రమీను ఎలాగో అలాగ. దాని కంటి వెనక ఉన్న పొర వెలుతురుని వెనక్కి కొడుతుంది కాబట్టి మసక చీకట్లో కూడా దానికి బాగా కనిపిస్తుంది. అందుకే సూర్యోదయానికి, సూర్యాస్తమయానికి, మబ్బు పట్టిన రోజుల్లో, గాలికి నీళ్లు కదిలి మసకబారినప్పుడు మేతకొస్తుంది. ఇదంతా కారులో వెళ్తూ మావయ్యగారికి చెప్పాను. ఆయన అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ముళ్లెక్కువా?" లేవన్నాను. ముక్క తెల్లగా, మెత్తగా ఉంటుందనీ, వేపుడుకి బాగుంటుంది గానీ పులుసులో పెడితే విడిపోతుందనీ చెప్పాను. పులుసు మాట వినగానే ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు.

మొత్తం మీద 70 డాలర్లు దాటకూడదని నేనే లెక్క పెట్టుకున్నాను. ఆయన అక్టోబరు దాకా ఉంటారు, ఆ తర్వాత ఆ రీలు, అంటే గాలపు కర్రకి బిగించే దారపు చక్రం, పిల్లకి వస్తుంది. రెండొందల డాలర్ల రీలు చేతిలో పట్టుకుంటే ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ వాలై సామాన్యంగా పదిహేను, ఇరవై అంగుళాల చేప. సముద్రపు చేపలా వంద గజాల దారం లాక్కుని పారిపోయేది కాదు. తల విదిలిస్తుంది, పడవ పక్కకొచ్చాక ఒకసారి కిందికి తన్నుకుంటుంది, అంతే. ఇంకో సంగతి, ఇది గాలాన్ని గట్టిగా కొట్టదు. ఎర మీద నోరు పెట్టి ఊరుకుంటుంది. మన చేతికి తెలిసేది దెబ్బ కాదు, దారం కొంచెం బరువెక్కినట్టు ఉండడమే. ఆ బరువు పసిగట్టాల్సింది వేలు. ఆ వేలికి అడ్డు రాకుండా ఉంటే చాలు, రీలు తన పని తను చేసినట్టే. అందుకే ఈ చేప కోసమైతే డబ్బు దారం మీద పెట్టమంటాను, రీలు మీద కాదు.

షాపులో గోడ పొడుగునా రీళ్లు. మావయ్యగారు ముందుగా ధర చీటీలు చూసి, వాటిని రూపాయల్లోకి మార్చుకుని, "ఐదు వేలా! గాలానికా!" అన్నారు. తర్వాత ఒక రీలు చేతిలోకి తీసుకుని పిడి తిప్పారు. అంతే, ఆ తర్వాత ధర మాట ఎత్తలేదు. పాలకొల్లు దగ్గర రైసుమిల్లులో ముప్పై ఏళ్ల పైన మిషన్లు చూసిన మనిషి. రీలుని చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా తిప్పి, ఆపి, వెనక్కి నొక్కి చూస్తున్నారు. అమ్మే కుర్రాడు పక్కన నిలబడి ఇందులో పది బేరింగులున్నాయి సార్, అందులో నాలుగే అని చెప్పుకుపోతున్నాడు. నేను తెలుగులో చెబుతుంటే మావయ్యగారు తల అడ్డంగా ఊపి, "ఎన్నున్నాయన్నది కాదమ్మా, ఎక్కడ పెట్టాడో అడుగు" అన్నారు.

సరిగ్గా అదే. డబ్బా మీద బేరింగుల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పిడి బొడిపెలో రెండు చిన్న బేరింగులు పెడితే ఆ సంఖ్య పెరుగుతుంది, పని మాత్రం పెద్దగా మారదు. పినియన్ అనే చిన్న గేరు దగ్గరా, పెద్ద గేరు దగ్గరా ఉన్నవి మంచివా కాదా అన్నదే ముఖ్యం. దారం వచ్చి వంగే చోట ఒక చిన్న చక్రం ఉంటుంది చూడండి, దాని సంగతి ఇంకా ముఖ్యం. అది తిరగకుండా బిగుసుకుపోతే దారం మెలికలు పడుతుంది, తొందరగా పాడవుతుంది. మావయ్యగారు గోటితో దాన్ని కదిపి చూశారు. నేను చెప్పకుండానే.

డబ్బా మీద ఇంకో గొప్ప, డ్రాగ్ ఇన్ని కిలోలు అని. చేప లాగినప్పుడు దారం తెగిపోకుండా స్పూలు (దారం చుట్టి ఉండే కండె) జారి దారం వదిలే ఏర్పాటు అది. మనం వేసేది 8 పౌండ్ల బరువు ఆపే దారమైతే డ్రాగ్ బిగించేది మహా అయితే రెండు, రెండున్నర పౌండ్లకి. పది కిలోల డ్రాగ్ ఉండి ఏం చేసుకుంటాం, దారం ముందే పుటుక్కుమంటుంది. చూడాల్సింది ఎంత బిగుస్తుందని కాదు, ఎలా మొదలవుతుందని. మర సగం బిగించి దారం చేత్తో లాగితే స్పూలు నున్నగా కదలాలి. ముందు ఒక్క క్షణం పట్టేసి తర్వాత దబ్బున వదిలిందో, ఆ క్షణంలోనే సన్నటి దారం తెగుతుంది. గాలపు కర్రతో కలిపి తక్కువలో అమ్మే సెట్టు ఒకటి చూశాం, దానిది అచ్చం ఇలాగే ఉంది. పిడి కూడా వేలితో వెనక్కి నొక్కితే అర అంగుళం ఆడింది. మావయ్యగారు ఏమీ అనకుండా దాన్ని తిరిగి కొక్కేనికి తగిలించారు.

సైజు సంగతి ఒక పెద్ద గందరగోళం. ఒక కంపెనీ 2500 అంటుంది, ఇంకొకటి అదే సైజుని 30 అంటుంది, మరొకటి 25. వాలైకి ఆ మధ్య సైజు చాలు. బరువు సుమారు 250 గ్రాములు, అంతకంటే తక్కువైతే మరీ మంచిది, ఎందుకంటే రోజంతా పట్టుకోవాలి. 4000 తీసుకుంటే ముందు చేయి నొప్పెడుతుంది, తర్వాత అసలు వేలే అందదు. స్పూలు అంచు దగ్గర దారాన్ని చూపుడువేలితో ఆపాలి కదా. ఇక్కడే మాకు చిక్కొచ్చింది. మావయ్యగారి కుడి చూపుడువేలు ఎప్పుడో మిల్లు బెల్టులో పడింది, పై కణుపు వంగదు. ఇలాంటి రీళ్లు ఎక్కువగా పిడి ఎడమ వైపు పెట్టుకునే వస్తాయి. అంటే కర్ర కుడి చేతిలో, దారం మీద కుడి చూపుడువేలు. ఆయన రెండు మూడు సార్లు ప్రయత్నించి, మాట్లాడకుండా నా చేతికిచ్చారు.

నేను ఎదురువైపు మూత విప్పి, పిడి ఊడదీసి కుడి వైపు బిగించి ఇచ్చాను. ఇప్పుడు కర్ర ఎడమ చేతిలోకి వచ్చింది, ఎడమ చూపుడువేలు దారం మీదికి వచ్చింది. ఆయన ముఖం చూడాల్సింది. "ఓహో, ఇటూ అటూ పెట్టుకోవచ్చా! తెలివైనవాడే చేసినవాడు" అన్నారు. ఆ మాట మన భాష రాని కుర్రాడికి కూడా అర్థమైంది.

చివరికి రెండు మిగిలాయి. షిమానో సియెన్నా 2500, ఫ్లూగర్ ప్రెసిడెంట్ 30. షిమానో పేరు చూసి మావయ్యగారు, గేరు సైకిళ్ల మీద ఉండేది ఇదే కదా అన్నారు. అవును, ఆ కంపెనీయే. జపాన్‌లోని సకాయిలో 1921లో మొదలై ముందు సైకిలు భాగాలే చేసింది, రీళ్లు తర్వాత. సియెన్నా 40 డాలర్ల లోపే ఉంది. కొత్తగా మొదలెట్టేవాళ్లకి నేను కళ్లు మూసుకుని చెప్పే రీలు అదే. ప్రెసిడెంట్ 60 పైన. ఇరవై ఏళ్ల నుంచి అదే కొంటున్నామని చెప్పేవాళ్లు ఈ చుట్టుపక్కల ఎంతమందో. డబ్బు మిగుల్చుకుందామని నేను మొదటిదాని వైపు మొగ్గాను. మావయ్యగారు రెండింటికీ డ్రాగ్ మర సగం బిగించి, కళ్లు మూసుకుని, వంగని వేలికి దారం చుట్టుకుని లాగి చూశారు. రెండోదాన్ని పైకెత్తి, "ఇది నాకు చెప్పి కదుల్తోంది" అన్నారు. ఇంకేం మాట్లాడతాం. బిల్లు నేనే కట్టాను, ఆయన జేబులోంచి డబ్బు తీయబోతే ఒప్పుకోలేదు.

బడ్జెట్ అలా దారం దగ్గరికి వచ్చేసరికి దాటిపోయింది. 10 పౌండ్ల బ్రెయిడ్, అంటే సన్నటి పోగులు అల్లిన దారం, ఒక చుట్ట, దాని చివర కట్టడానికి ఫ్లోరోకార్బన్ అనే 8 పౌండ్ల గాజులాంటి దారం. ఆ బ్రెయిడ్ ఎంత సన్నగా ఉంటుందంటే 2 పౌండ్ల తంగూసు మందమే ఉంటుంది. సాగదు కాబట్టి ఇరవై అడుగుల కింద ఎర మీద చేప నోరు పెట్టినా వేలికి తెలుస్తుంది. మావయ్యగారు గోదావరి కాలవల్లో వెదురు కర్రకి తంగూసు కట్టి, నెమలి ఈక కాడని బెండుగా పెట్టి బొమ్మిడాయిలు పట్టినవారు. బ్రెయిడ్‌ని వేళ్ల మధ్య నలిపి, "ఇది కుట్టుదారం కదే" అని అనుమానంగా చూశారు. చేత్తో తెంపబోతే చేయి కోసుకుంటుందని ఆపాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి బల్ల మీద చుట్టడం. బ్రెయిడ్‌ని నేరుగా స్పూలుకి కడితే మొత్తం చుట్ట గిర్రున జారుతుంది, ఎంత డ్రాగ్ బిగించినా లాభం ఉండదు. అందుకే అడుగున కొంచెం తంగూసు వేసి దాని మీద బ్రెయిడ్ చుట్టాలి. మావయ్యగారు పిడి తిప్పుతుంటే నేను తడిగుడ్డ మడిచి దారాన్ని బిగువుగా పట్టుకున్నాను. వదులుగా చుడితే తర్వాత విసిరినప్పుడు ఉండలుగా ఊడొస్తుంది. స్పూలు అంచుకి రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి రాగానే ఆపేయమన్నాను. ఆయనకి ఇంకా చుట్టాలని ఉంది. బస్తా నిండా నింపే మిల్లు మనిషి కదా, ఖాళీ వదిలితే మనసొప్పలేదు.

సాయంత్రం వెనక పెరట్లో గాలం కొక్కెం లేకుండా చిన్న సీసం గుండు కట్టి విసిరించాను. విసరడం రెండు గంటల్లో రాదు, అది వేరే కథ. కానీ దారాన్ని స్పూలు మీదికి మళ్లించే తీగ వంపుని పిడి తిప్పి దబ్బున మూయకుండా చేత్తో మూయమని ఒకసారి చెప్పాను, మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. అలా మూస్తే మెలిక పడదు, లోపలి స్ప్రింగూ ఎక్కువ కాలం వస్తుంది.

అసలు ముచ్చట తర్వాత. లిండీ రిగ్ అని ఒకటుంది, ఇక్కడి బ్రెయినర్డ్ ఊరి లిండ్‌నర్ అన్నదమ్ములు 1960ల చివర్లో తెచ్చింది. దారం మీద జారే బరువు, దాని ముందు కొక్కెం, కొక్కేనికి జలగ. తీగ వంపు తెరిచే ఉంచి, దారాన్ని చూపుడువేలి మీద ఆన్చి పడవని నెమ్మదిగా పోనివ్వాలి. బరువనిపించగానే వేలు వదిలేయాలి, దారం దానంతటదే పోతుంది. చేప ఎరని పూర్తిగా నోట్లోకి తీసుకున్నాక మూసి లాగాలి. నేను గడ్డిలో కూర్చుని దారం చివర పట్టుకుని చేపలాగా మెల్లిగా లాగాను. మావయ్యగారు మొదటిసారికే వేలు వదిలారు. రెండోసారి నేను చాలా తేలిగ్గా, నాకే అనుమానం వచ్చేంత తేలిగ్గా తాకాను. వదిలేశారు! నాకు ఇది పట్టుబడ్డానికి ఒక వేసవి అంతా పట్టింది. "కాలవ గట్టు మీద బొటనవేలికి దారం చుట్టుకుని పడుకునేవాణ్ణమ్మా" అన్నారు, ఇదో విద్యా అన్నట్టు.

వచ్చే శనివారం మిల్ లాక్స్‌కి వెళ్తున్నాం. తెల్లారగట్ట మూడున్నరకి బయల్దేరాలి. ఆయన ఇక్కడివారు కారు కాబట్టి బయటివాళ్ల లైసెన్సు తీయాలి. 24 గంటలది, 72 గంటలది, వారానిది కూడా ఉంటాయి, కానీ ఈ ఉత్సాహం చూస్తుంటే సీజనుదే తీసుకోవాలనుకుంటున్నాను. ఆ సరస్సులో ఏ సైజు చేప ఉంచుకోవాలో, ఎన్ని ఉంచుకోవాలో రూలు ఏటా మారుతుంది, అదీ చూసుకోవాలి.

రాత్రి ఎర సంగతి చెప్పాను. మే నెలలో చిన్న చేపలు, జూన్‌లో జలగలు ఇక్కడ వాడుక. షాపులో డజన్ల లెక్కన అమ్ముతారు అంటే మావయ్యగారు నమ్మలేదు. "జలగలకి డబ్బులా? మా ఊళ్లో చేలోకి దిగితే అవే కాళ్లకి పట్టుకుని ఇంటిదాకా వస్తాయి!" అత్తయ్యగారు పక్కనే ఉండి చెవులు రిక్కించారు. వాటిని నీళ్లు పోసి డబ్బాలో పెట్టి శనివారం దాకా ఫ్రిజ్‌లో ఉంచాలన్న సంగతి అప్పుడు చెప్పకుండా ఊరుకున్నాను. ఆవిడ పెరుగు గిన్నెలూ, నైవేద్యం పళ్లూ ఉండే ఫ్రిజ్ అది. ఆ మాట ఆవిడకి మా ఆయన చేత చెప్పించాలి. కుదరకపోతే గరాజులో ఐసు పెట్టె ఉండనే ఉంది.