కోర్టు దుభాషి కావాలన్న ఆలోచన

రాయగడలో పెరిగి, ఇంట్లో తెలుగూ బడిలో ఒడియా నేర్చుకున్న నేను కోర్టు దుభాషి వృత్తిని చేపట్టాలని కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ ప్రాంతం అందులో చేరింది. ఇక్కడి తెలుగు కుటుంబాలు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయాయి.

సాక్ష్యం ముద్దాయికి అర్థంకాని భాషలో నడిచినప్పుడు, అతను కోర్టులో హాజరై ఉంటే, దానిని బహిరంగ న్యాయస్థానంలోనే అతనికి తెలిసిన భాషలో వినిపించాలని, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 314వ సెక్షన్ ఆదేశిస్తోంది. దుభాషి ఉన్నదున్నట్టుగానే చెప్పి తీరాలన్నది 317వ సెక్షన్. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షిలాగే దుభాషి కూడా ప్రమాణం చేయాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది ఈ నిబద్ధతే. సాక్షి తడబడితే ఆ తడబాటును, పొంతన లేకుండా మాట్లాడితే ఆ పొంతనలేమిని కూడా చెప్పాలి తప్ప, జాలిపడి సరిదిద్దడానికి వీల్లేదు, ఎందుకంటే సాక్షిని నమ్మాలో వద్దో తేల్చవలసింది న్యాయమూర్తి. రెండు భాషలు ధారాళంగా వచ్చినంత మాత్రాన ఈ నిగ్రహం అలవడదు. (మా జిల్లాలో కోందు గిరిజనుల భాష అయిన కువి మాట్లాడేవారికి దుభాషి అవసరం తెలుగువారికంటే ఎక్కువేనని నా అభిప్రాయం, ఆ భాష కూడా నేర్చుకోవాలని ఉంది.) ప్రస్తుతానికి ఒడియా న్యాయ పరిభాషపై పట్టు కోసం తీర్పులు చదువుతున్నాను.